టైర్ గాలి మానిటర్‌కి కరెంటు ఎక్కడి నుంచి తీయాలి, ఎలా తీయాలి

బయట కొని బిగించుకునే టైర్ గాలి మానిటర్‌లో రెండు భాగాలుంటాయి: చక్రాల దగ్గర సెన్సర్లు, డ్యాష్‌బోర్డు మీద డిస్‌ప్లే. సెన్సర్లకు వైరుతో పనిలేదు. వాల్వు మీద మూతలా బిగించే రకంలో ఎక్కువగా సీఆర్ 1632 బిళ్ల బ్యాటరీ ఉంటుంది. రిమ్ము లోపల కూర్చునే రకంలో అంతకంటే పెద్ద సెల్లు ఉంటుంది. గాలి ఎంతుందో, వేడి ఎంతుందో అవి రేడియో తరంగాల మీద చెబుతాయి. మన దగ్గర దొరికే వాటిలో చాలావరకు 433.92 మెగాహెర్ట్జ్ మీద పనిచేసేవే. కాబట్టి వైరింగు అంటే ఆ డిస్‌ప్లేకి కరెంటు ఇవ్వడమే.

చేయి తిరిగినవాళ్లకు గంటలోపు పని. అందుకే చాలామంది సిగరెట్ లైటర్ వెనక వైరు గీకి, రెండు మెలికలు తిప్పి, ఇన్సులేషన్ టేపు చుట్టి అయిందనిపిస్తారు. ఎండాకాలంలో డ్యాష్‌బోర్డు వెనక వేడికి ఆ టేపు జిగురు కరిగి ఊడిపోతుంది. మెలిక వదులవుతుంది. ఆ వైరుకి సొంత ఫ్యూజు లేదు కాబట్టి బాడీకి తగిలితే లైటర్ సాకెట్‌కున్న 15 లేదా 20 ఆంపియర్ల ఫ్యూజే కాపాడాలి. వెంట్రుక లాంటి వైరు ఆ ఫ్యూజు పోయేలోపే కాలడం మొదలెడుతుంది. కింద చెప్పే పద్ధతిలో కంపెనీ వైరు ఒక్కటి కూడా కోయాల్సిన పనిలేదు. వద్దనుకున్న రోజు మొత్తం విప్పేస్తే బండి ఎప్పటిలా ఉంటుంది, వారంటీ దగ్గర మాట పడాల్సిన అవసరమూ రాదు.

ముందు మీ డిస్‌ప్లే ఏ రకమో చూడండి

సోలార్ పలకతో వచ్చేవాటిలో లోపల చిన్న లిథియం బ్యాటరీ ఉంటుంది. వాటికి వైరు తప్పనిసరి కాదు. కానీ ఎండలో నిలిపిన కారులో అద్దం కింద డ్యాష్‌బోర్డు 70 డిగ్రీలు దాటిపోతుంది. ఆ వేడిలో లిథియం సెల్లు రెండు మూడు వేసవులకే ఉబ్బడం మామూలు. రామగుండం, రెంటచింతల లాంటి ఎండల ఊళ్లలో తిరిగే బండికి లోపల బ్యాటరీ లేని, నేరుగా వైరుతో నడిచే డిస్‌ప్లేనే మంచిది.

వైరు రకంలో ఎరుపు, నలుపు రెండు వైర్లు వస్తే ఎరుపు ప్లస్, నలుపు ఎర్త్, అంటే బండి బాడీకి బిగించేది. కొన్నింటిలో మూడోది పసుపు ఉంటుంది. కారు ఆడియోలో లాగే ఎరుపు కీతో వచ్చే కరెంటుకి, పసుపు ఎప్పుడూ ఉండే కరెంటుకి అన్నది వాడుక. అయినా రంగుని నమ్మకుండా డబ్బాలోని కాగితం చూడండి. పసుపు, ఎరుపు కలిపి బ్యాటరీ కరెంటుకి మాత్రం ఇవ్వకండి, డిస్‌ప్లే రాత్రీ పగలూ వెలుగుతూనే ఉంటుంది. యూఎస్‌బీ వైరుతో వచ్చేవాటికి 5 వోల్టులు కావాలి కాబట్టి మధ్యలో కన్వర్టర్ పెట్టాలి. దాని సంగతి కింద విడిగా ఉంది.

ఎప్పుడూ ఉండే కరెంటు ఎందుకు వద్దు

డిస్‌ప్లే 60 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుందనుకోండి. ఫోను చార్జింగుతో పోలిస్తే అది లెక్కలోకే రాదు. కానీ ఆగకుండా 24 గంటలు తీసుకుంటే రోజుకి 1.44 ఆంపియర్ అవర్లు, పది రోజులకి 14.4. చిన్న పెట్రోలు కారులో ఉండేది 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ. కారు ఆగి ఉన్నప్పుడు దాని గడియారం, లాకు, అలారం కలిపి ఎలాగూ 20 నుంచి 50 మిల్లీ ఆంపియర్లు తాగుతూనే ఉంటాయి. రెండూ కలిస్తే పండక్కి ఊరెళ్లి పది రోజులకు తిరిగొచ్చేసరికి సెల్ఫు తిరగదు. మూడేళ్లు వాడిన బ్యాటరీ అయితే వారానికే ఆ పరిస్థితి వస్తుంది.

మెకానిక్కులు స్కానరు పెట్టే ఓబీడీ సాకెట్‌లో గుచ్చే మానిటర్లకీ ఇదే చిక్కు. ఆ సాకెట్‌లో 16వ పిన్ను నేరుగా బ్యాటరీది, కీతో సంబంధం లేదు. రోజూ తిప్పే బండికి ఫరవాలేదు గానీ వారానికోసారి తీసే బండికి వద్దు.

ఏ ఫ్యూజు దగ్గర తీయాలి

కీ యాక్సెసరీకి గానీ ఆన్‌కి గానీ తిప్పినప్పుడే కరెంటు వచ్చే ఫ్యూజు కావాలి. దాని మీద ప్రాణానికి సంబంధించిన పని ఏదీ ఆధారపడి ఉండకూడదు. యాక్సెసరీ సాకెట్, వెనక వైపరు, ఆడియో యాక్సెసరీ లైను, ఈ మూడింటిలో ఏది అందుబాటులో ఉంటే అది తీసుకోండి. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, ఇంజిన్ కంప్యూటర్, పవర్ స్టీరింగు, ఫ్యూయల్ పంపు ఫ్యూజుల జోలికి వెళ్లవద్దు. మానిటర్ వైరులో తేడా వచ్చి రోడ్డు మీద ఆ ఫ్యూజు పోతే ఏమవుతుందో ఊహించుకుంటే చాలు. ఏ ఫ్యూజు దేనిదో బాక్సు మూత లోపలి బొమ్మలోనో, ఓనర్స్ మాన్యువల్‌లోనో ఉంటుంది.

ఫ్యూజు బాక్సులో ఖాళీగా ఉన్న గది చూసి మురిసిపోకండి. మీ మోడల్‌లో లేని సౌకర్యం కోసం వదిలిన గదుల్లో చాలాసార్లు ఫ్యూజు కాళ్లను పట్టుకునే రేకులే ఉండవు, ఉన్నా వాటికి కరెంటు ఉండదు.

మల్టీమీటర్‌ని 20 వోల్టుల డీసీలో పెట్టి నల్ల ప్రోబు బాడీ బోల్టుకి ఆనించండి. ఫ్యూజు నెత్తిన కనిపించే రెండు చిన్న లోహపు చుక్కల మీద ఎర్ర ప్రోబు పెట్టండి. కీ తీసి ఉంటే సున్నా, యాక్సెసరీలో 12.4 నుంచి 12.7, ఇంజిన్ నడుస్తుంటే సుమారుగా 13.8 నుంచి 14.5 చూపాలి. ఈ పనికి బల్బు ఉండే టెస్ట్ ల్యాంపు వాడకండి. పొరపాటున ఎయిర్‌బ్యాగ్ లేదా కంప్యూటర్ లైనుకి తగిలితే బల్బు గుండా పోయే కరెంటు వాటికి హాని చేయగలదు. మీటరు గుండా పోయే కరెంటు ఏమంత కాదు.

కీ తీసిన వెంటనే కొలిచి తేల్చేయకండి. ఇప్పటి కార్లలో బాడీ కంప్యూటర్ నిద్రపోయేదాకా కొన్ని లైన్లకు కరెంటు వస్తూనే ఉంటుంది. తలుపులు మూసి, లాకు చేసి, 20 నిమిషాలాగి మళ్లీ కొలవండి. కొన్ని మోడళ్లలో యాక్సెసరీ సాకెట్ కూడా కీతో పనిలేకుండా ఎప్పుడూ బతికే ఉంటుంది. కొలవకుండా అది తెలియదు.

కావలసిన సామాను

ఎర్ర వైరు 0.5 చదరపు మిల్లీమీటర్లది 2 మీటర్లు, నల్లది 1 మీటరు. ఫ్యూజు ట్యాప్ (బండి ఫ్యూజు గదిలో గుచ్చి, అక్కడి నుంచి కొత్త వైరుకి కరెంటు తీసే ముక్క) ఒకటి, 2 లేదా 3 ఆంపియర్ల బ్లేడ్ ఫ్యూజులు రెండు, ఒకటి బిగించడానికి, ఒకటి డ్యాష్ అరలో ఉంచడానికి. 6 మి.మీ. బోల్టుకి పట్టే రింగు టెర్మినల్, క్రింపు చేసే (ప్లయరుతో నొక్కి బిగించే) జాయింట్లు, వేడికి ముడుచుకునే స్లీవు, పది జిప్ ట్యాగులు, బట్ట టేపు ఒక చుట్ట. పనిముట్లలో మల్టీమీటర్, క్రింపింగ్ ప్లయరు, 10 మి.మీ. స్పానరు, ట్రిమ్ము (లోపలి ప్లాస్టిక్ తొడుగు) లేపడానికి ప్లాస్టిక్ పట్టీ. స్క్రూడ్రైవరుతో లేపితే ట్రిమ్ము మీద గాట్లు పడతాయి.

ఫ్యూజు ట్యాప్ సైజు దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. పెద్ద బ్లేడు, మినీ, లో ప్రొఫైల్ మినీ, మైక్రో 2 అని రకాలున్నాయి. మినీ, లో ప్రొఫైల్ మినీ రెండూ పక్కపక్కన పెడితే వెడల్పు ఒకటే, కానీ లో ప్రొఫైల్‌కి కాళ్లు ఒంటి కింద దాదాపు బయటికి రావు. మైక్రో 2 ఇంకాస్త సన్నం. మీ బండి ఫ్యూజు ఒకటి పీకి జేబులో వేసుకుని షాపుకి వెళ్లి దానితో పోల్చి కొనండి. సరిపోని ట్యాప్‌ని బలవంతంగా నొక్కితే బాక్సులోని రేకులు విచ్చుకుంటాయి. తరవాత అసలు ఫ్యూజు పెట్టినా వదులుగా ఉండి వేడెక్కుతుంది, బాక్సే మార్చాల్సి వస్తుంది.

ట్యాప్‌ని ఏ వైపు తిప్పి పెట్టాలి

ట్యాప్‌లో రెండు గదులుంటాయి. కాళ్లకు దగ్గరగా ఉన్న కింది గదిలో బండి అసలు ఫ్యూజు, అదే ఆంపియర్లది, పెట్టాలి. పై గదిలో మానిటర్ కోసం తెచ్చిన 2 లేదా 3 ఆంపియర్లది. ఫ్యూజు కాపాడేది డిస్‌ప్లేని కాదు, వైరుని. సామాను దొరకలేదని 15 ఆంపియర్లది పెడితే ఫ్యూజు పెట్టీ పెట్టనట్టే. బూడిద రంగు 2, ఊదా 3, ఎరుపు 10, నీలం 15, పసుపు 20 ఆంపియర్లని గుర్తుపెట్టుకుంటే చీకట్లో డ్యాష్ కింద తడుముకోనక్కర్లేదు.

ట్యాప్‌కున్న రెండు కాళ్లలో ఒకటి రెండు ఫ్యూజులకీ కరెంటు పంచుతుంది. అది బాక్సులో బ్యాటరీ వైపు రేకులోకి వెళ్లాలి. ఏ కాలో తెలుసుకోవడానికి కింది ఫ్యూజు తీసేసి, పైది మాత్రం ఉంచి, మల్టీమీటర్ బీప్ మోడ్‌లో ఒక ప్రోబు ట్యాప్ వైరుకి, రెండోది ఒక్కో కాలికి పెట్టండి. బీప్ వచ్చిన కాలే అది. తరవాత బండి ఫ్యూజు పీకి, కీ ఆన్ చేసి, ఖాళీ గదిలోని రెండు రేకుల్లో 12 వోల్టులు చూపేది ఏదో కొలవండి. రెండూ ఒకే వైపుకి వచ్చేలా తిప్పి గుచ్చండి. తిరగేసి పెట్టినా డిస్‌ప్లే వెలుగుతుంది, అందుకే తప్పు బయటపడదు. కానీ అప్పుడు మానిటర్ కరెంటు కూడా బండి ఫ్యూజు గుండానే వెళ్తుంది, అది పోతే రెండూ పోతాయి.

ఎర్త్

మానిటర్ ఆరిపోయి వెలగడం, బొమ్మ వణకడం లాంటివి వస్తే ముందు ఎర్త్‌నే చూడాలి. ఫ్యూజు బాక్సు దగ్గర్లో, డ్రైవరు కుడి కాలి పక్క ప్లాస్టిక్ ప్యానెల్ వెనక, కంపెనీవాళ్లే నల్ల వైర్లు బిగించిన బోల్టు ఒకటి చాలా బండ్లలో దొరుకుతుంది. దాని కిందే మీ రింగు పెట్టి బిగించండి. అది దొరక్కపోతే బాడీ రేకులోకి నేరుగా దిగిన వేరే బోల్టు చూసి, రింగు కూర్చునే మేర పెయింటు గీకి, లోహం తెల్లగా కనిపించాక బిగించండి. సీటు బెల్టు బోల్టు, ఎయిర్‌బ్యాగ్ బ్రాకెట్, స్టీరింగు రాడ్డు బోల్టు ముట్టుకోకండి.

ఓం మీటరుతో కొలిచి సరిపెట్టుకోవద్దు. ఇంజిన్ నడుపుతూ, హెడ్‌లైట్లు వేసి, మీరు బిగించిన ఎర్త్‌కీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య వోల్టేజి చూడండి. అది 0.1 వోల్టు లోపుండాలి. ఎక్కువ చూపితే ఇంకో చోటు వెతకండి.

వైరు దారి

కీ తీసి ముందు ఎర్త్, ఆ తరవాత డిస్‌ప్లే కనెక్షన్లు, అన్నిటికంటే చివర పై గదిలో చిన్న ఫ్యూజు. ఈ వరసలో చేస్తే మధ్యలో ఎర్ర వైరు ఎక్కడ తగిలినా నిప్పురవ్వ రాదు. జాయింట్లు క్రింపు చేసి స్లీవు వేడిచేయండి, క్రింపు చేశాక గట్టిగా లాగి చూడండి. ఊడితే ఇప్పుడే ఊడాలి.

వైరు డ్యాష్‌బోర్డు అంచు, ముందు అద్దం పక్క స్తంభం ట్రిమ్ము మధ్య సందులోంచి పైకి తేవచ్చు. ఆ స్తంభం మీద ఎయిర్‌బ్యాగ్ గుర్తు ఉంటే మాత్రం వైరు ఎయిర్‌బ్యాగ్ వెనక నుంచే వెళ్లాలి, ముందు నుంచి కాదు. ట్రిమ్ము విప్పాల్సి వస్తే బ్యాటరీ నెగటివ్ తీసి కొన్ని నిమిషాలు ఆగి మొదలుపెట్టండి. పసుపు రంగు కనెక్టర్లు, పసుపు గొట్టంలో వెళ్లే వైర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, వాటికి మీ వైరు కట్టకండి.

పెడళ్ల పైన వేలాడే వైరు అన్నిటికంటే ప్రమాదం. క్లచ్చు, బ్రేకు పూర్తిగా తొక్కి, స్టీరింగు ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి, ఎత్తు మార్చే స్టీరింగైతే కిందకీ పైకీ దించి లేపి, ఎక్కడా తగలదని చూసుకోండి. జానెడుకో ట్యాగు వేసి కంపెనీ వైర్ల కట్టకే బిగించండి. మిగిలిన వైరుని చుట్టి బట్ట టేపుతో కట్టండి, లేకపోతే గతుకుల్లో టకటకలాడుతుంది.

5 వోల్టుల డిస్‌ప్లే, మాయమయ్యే వెనక చక్రాలు

యూఎస్‌బీ డిస్‌ప్లేకి 12 నుంచి 5 వోల్టులకు దించే కన్వర్టర్ కావాలి. చౌకరకం కన్వర్టర్లు పనిచేస్తూ రేడియో రొదని వెదజల్లుతాయి. సెన్సర్ పంపే సిగ్నల్ బలహీనమైనది. డిస్‌ప్లే యాంటెన్నా పక్కనే రొద ఉంటే అందులో మునిగిపోతుంది. దగ్గరగా ఉన్న ముందు చక్రాల రీడింగు వస్తుంది, వెనకవి రావు, లేదా ఒక్కోసారి వచ్చి ఆగిపోతాయి. జనం సెన్సర్ల బ్యాటరీలు మారుస్తారు, సెన్సర్లే మారుస్తారు, తేడా ఉండదు.

తేల్చుకోవడానికి తేలికైన పరీక్ష ఉంది. కన్వర్టర్ వైరు పీకి, దాని చిన్న ఫ్యూజు కూడా తీసి, డిస్‌ప్లేని పవర్ బ్యాంకుకి పెట్టి పది కిలోమీటర్లు నడపండి. నాలుగు చక్రాలూ సక్రమంగా వస్తే తప్పు కన్వర్టర్‌దే. దాన్ని డిస్‌ప్లే నుంచి కనీసం 30 సెంటీమీటర్ల దూరం జరిపి ఫ్యూజు బాక్సు దగ్గర కట్టండి, ప్లస్ మైనస్ వైర్లను ఒకదానికొకటి మెలితిప్పండి, డిస్‌ప్లేకి వెళ్లే వైరుకి రొదని అడ్డుకునే ఫెర్రైటు పూస బిగించండి. అప్పటికీ తగ్గకపోతే కన్వర్టర్ మార్చండి. పవర్ బ్యాంకు మీద కూడా రాకపోతే డ్యాష్ కెమెరా పీకి చూడండి. దాని చార్జరు కూడా ఇదే పని చేయగలదు.

లారీలకి

24 వోల్టుల లారీలో ఒక తప్పు తరచుగా కనిపిస్తుంది. 12 వోల్టుల డిస్‌ప్లే తెచ్చి, రెండు బ్యాటరీల మధ్య జాయింటు నుంచి వైరు లాగుతారు. డిస్‌ప్లే పనిచేస్తుంది. కానీ ఒక్క బ్యాటరీయే ఖాళీ అవుతుంటుంది, రెండోది నిండే ఉంటుంది. ఆల్టర్నేటర్ రెండిటినీ కలిపి సుమారు 28 వోల్టులతో చార్జి చేస్తుంది. ఖాళీ అయినది తక్కువ వోల్టేజి దగ్గరే ఆగితే మిగిలినదంతా నిండుగా ఉన్నదాని మీద పడుతుంది. అది ఉడికి నీళ్లు తాగేస్తుంది, ఇవతలిది ఎప్పటికీ నిండదు. కొన్ని నెలల్లో రెండూ పోతాయి. 9 నుంచి 36 వోల్టుల దాకా తట్టుకుంటుందని రాసి ఉన్న డిస్‌ప్లేనే కొనండి, లేదా అదే పరిధి కన్వర్టర్ పెట్టి పూర్తి 24 వోల్టుల నుంచి దించుకోండి.

కరెంటు క్యాబిన్ ఫ్యూజు బాక్సు నుంచే తీయండి. అలా అయితే క్యాబిన్ లేపినప్పుడు తెగే వైరు ఉండదు. పది, పన్నెండు టైర్ల బండికి, ట్రాలీకి వెనక సిగ్నల్ అందక మధ్యలో రిపీటర్ (సిగ్నల్ అందుకుని మళ్లీ ముందుకు పంపే పెట్టె) పెట్టాలి. దానికి కరెంటు కోసం పార్కింగ్ లైటు వైరు పట్టుకోకండి, పగలంతా అది చచ్చినట్టే ఉంటుంది. కీతో వచ్చే లైనునే, చిన్న ఫ్యూజు దాటాక, చాసిస్ మీదికి తీసుకెళ్లాలి. వైరు ముడతల గొట్టంలో పోవాలి, సైలెన్సరుకి, ప్రొపెల్లర్ షాఫ్టుకి దూరంగా ఉండాలి, క్యాబిన్ మడత దగ్గర వదులు ఉంచాలి. చాసిస్ మీద వెల్డింగు చేయించే రోజు బ్యాటరీ కేబుళ్లు, రిపీటర్ కనెక్టరు రెండూ పీకాకే రాడ్డు ముట్టించనివ్వండి.

కరెంటు వచ్చాక

డిస్‌ప్లే వెలిగి గీతలు మాత్రమే చూపితే వైరింగు చెడిందనుకోకండి. బండి ఆగి ఉన్నంతసేపు చాలా సెన్సర్లు బ్యాటరీ ఆదా కోసం నిద్రలో ఉంటాయి, చక్రం తిరిగితేనే లేస్తాయి. ఐదు పది నిమిషాలు నడిపి చూడండి. సెల్ఫు కొట్టేటప్పుడు ఒక్కసారి ఆరి వెలగడం కూడా మామూలే, ఆ క్షణం యాక్సెసరీ లైనుకి కరెంటు ఆగుతుంది. నడుస్తుండగా ఆరితే మాత్రం ఎర్త్, క్రింపు చూడాలి. పై ఫ్యూజు మళ్లీ మళ్లీ పోతుంటే పెద్ద ఫ్యూజు వేయకండి, వైరు ఎక్కడో రేకు అంచుకి రాచుకుంటోంది, వెతికి పట్టుకోండి.

అలారం హద్దులు డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీదున్న గాలిని బట్టి పెట్టాలి. అది 32 పీఎస్ఐ అయితే తక్కువ హద్దు 25 లేదా 26. ఎక్కువ హద్దు దగ్గర తొందరపడకండి. పొద్దున్న 30 డిగ్రీల్లో 32 కొట్టించిన టైరు మే నెల మధ్యాహ్నం హైవే మీద 60 డిగ్రీలకు చేరితే గాలి తీయకుండా, పెట్టకుండా దాదాపు 36.5 అవుతుంది. 36 దగ్గర హద్దు పెడితే రోజూ అరుస్తుంది, విసుగొచ్చి మీరే దాన్ని ఆపేస్తారు. 40 నుంచి 42 మధ్య పెట్టండి. వేడెక్కిన టైరు ఎక్కువ చూపిస్తోందని పంక్చరు షాపులో గాలి దించుకోవద్దు, మర్నాడు పొద్దున్నకి అది 27, 28కి పడి ఉంటుంది.

వారం తరవాత ఒక సాయంత్రం బండి లాకు చేసి, 20 నిమిషాలాగి, ట్యాప్ వైరు మీద వోల్టేజి మళ్లీ కొలవండి. సున్నా రావాలి. ఎర్త్ నట్టు, ట్యాప్ కూర్చున్న తీరు చేత్తో తాకి చూడండి. గంట నడిపాక ఫ్యూజు ట్యాప్ ఒళ్లు చేతికి వెచ్చగా తగిలితే రేకు పట్టు సరిగా లేదని లెక్క. తీసి సరైన సైజుది వేయండి.